తల్లి ఆపలేదు, ఆపించారు

"ఏజెన్సీ తల్లులకు అవగాహన లేదు." ఈ మాట ఎన్ని సమావేశాల్లో విన్నామో లెక్కలేదు. బిడ్డ బరువు పెరగకపోతే అవగాహన లేదు. డబ్బాపాలు పడితే అవగాహన లేదు. బిడ్డ చనిపోయినా అదే మాట. ఈ ఒక్క మాటను అడ్డం పెట్టుకుని ఆసుపత్రి, రోడ్డు, కూలి, చట్టం అన్నీ తప్పించుకుంటున్నాయి.

ఆరు నెలలు నిండేదాకా బిడ్డకు తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా పట్టకూడదు. డాక్టరు రాసిన మందులు, చుక్కలు మాత్రం వేయవచ్చు. 2,500 గ్రాముల లోపు బరువుతో పుట్టిన బిడ్డకు, 37 వారాలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఈ పాలు మరీ అవసరం. రోగాన్ని తట్టుకునే శక్తి వాళ్ళకు తక్కువ కాబట్టి. అయినా ముందుగా డబ్బాకు మళ్ళవలసి వస్తున్నది ఈ బిడ్డల తల్లులకే. ఎందుకు?

మా ఊరి కోడలు ఒకామెకు ఎనిమిదో నెలలోనే నొప్పులు వచ్చాయి. డోలీ కట్టి వాగు దాటించి, అక్కడి నుంచి అంబులెన్సులో తీసుకెళ్ళాం. బిడ్డ 1,600 గ్రాములు. బిడ్డను అద్దాల గదిలో పెట్టారు. మూడో రోజున తల్లిని డిశ్చార్జి చేశారు. బిడ్డ లోపల, తల్లి వరండాలో. మంచం లేదు. పేరు కొట్టేశారు కాబట్టి భోజనం కూడా లేదు. మా మాట కువి, నర్సమ్మది తెలుగు. "పాలు పిండి తీసుకురా" అన్నారు గాని, ఎలా పిండాలో, ఎన్నిసార్లు పిండాలో చేసి చూపినవారు లేరు. రోజుకు రెండుసార్లు పిండింది. వారానికి చుక్కలకు వచ్చింది. "నీకు పాలు లేవు, డబ్బా తెచ్చుకో" అన్నారు. ఆమె మామ కోడిపుంజును అమ్మి డబ్బా కొన్నాడు. ఇంటికి వచ్చాక డబ్బా ఎక్కువ రోజులు రావాలని పొడి తగ్గించి నీళ్ళు పెంచారు. బిడ్డకు విరేచనాలు పట్టుకున్నాయి. మళ్ళీ డోలీ, మళ్ళీ అదే వాగు. ఈసారి తల్లి ఒక్కతే తిరిగి వచ్చింది.

తర్వాత ఊరికి విచారణకు వచ్చినవారు ఆమెను అడిగిన మొదటి ప్రశ్న: "తల్లిపాలు ఎందుకు ఆపావు?"

చెలమలో నీళ్ళు తోడితేనే ఊరతాయి. పాలు కూడా అంతే. నెలలు నిండని బిడ్డకు చప్పరించే బలం ఉండదు. ఆ బలం వచ్చేదాకా తల్లి రెండు మూడు గంటలకొకసారి, రాత్రి కూడా, పాలు పిండాలి. ఆ పాలు గొట్టంతోనో ఉగ్గుగిన్నెతోనో బిడ్డకు పట్టాలి. వరండాలో ఆకలితో కూర్చున్న తల్లి, బిడ్డ ముఖం కూడా చూడని తల్లి ఇది ఎలా చేస్తుంది? ఆమెకు పాలు లేకపోవడం కాదు, పాలు నిలవకుండా చేశారు.

దీనికి మందు కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. ఇంక్యుబేటర్లు చాలని కొలంబియాలోని బొగోటాలో 1970ల చివర బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి కట్టే పద్ధతి మొదలైంది. దాన్నే కంగారూ సంరక్షణ అంటున్నారు. పుట్టిన వెంటనే తల్లీబిడ్డలను ఒకే వార్డులో ఉంచి ఇలా చేస్తే బరువు తక్కువ బిడ్డల మరణాలు నాలుగో వంతు తగ్గాయని మన దేశంతో కలిపి ఐదు దేశాల్లో జరిగిన పరిశోధన 2021లో తేల్చింది. సాలూరులో గర్భిణులు కాన్పుకు ముందు ఉండటానికి వసతి గృహం పెట్టారు. మంచి పని. మరి కాన్పు అయ్యాక, బిడ్డ లోపల ఉన్నన్నాళ్ళు తల్లి ఎక్కడ ఉండాలి?

ఇంటికి వచ్చాక ఇంకో కష్టం. సంఘటిత రంగంలో ఉద్యోగం చేసే తల్లికి 2017 చట్టసవరణతో 26 వారాల జీతంతో సెలవు వచ్చింది. పోడు చేసే తల్లికి, జీడిపిక్కలు ఏరే తల్లికి ఏముంది? మాతృవందన పథకం కింద తొలికాన్పుకు 5,000 రూపాయలు. ఆరు నెలలకు పంచితే రోజుకు 28 రూపాయలు. ఆ డబ్బుతో ఇంట్లో కూర్చుని బిడ్డకు పాలివ్వమంటున్నారు. పని చోట ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురుంటే చూసుకోవడానికి ఒక మహిళను పెట్టాలని 2005 ఉపాధి హామీ చట్టంలో రాశారు. మేం పనికి వెళ్ళిన చోట ఆ మనిషిని ఎప్పుడూ చూడలేదు.

మన తప్పులు కూడా చెప్పుకోవాలి. ముర్రుపాలు పిండి పారబోసే ఇళ్ళు మన ఊళ్ళల్లో ఇంకా ఉన్నాయి. ఎండకు నాలుక ఎండుతుందని నీళ్ళు పట్టే అవ్వలు ఉన్నారు. బాలింత నీళ్ళు మోస్తుంటే చూస్తూ కూర్చునే మగవాళ్ళం మనలోనే ఉన్నాం. ఇవి మారాలి, మనమే మార్చాలి. కానీ ముర్రుపాలు పట్టిన తల్లిని కూడా వరండాలో కూర్చోబెడితే, మన మార్పు ఆ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మన భాష వచ్చినవాళ్ళు ఒక్కరైనా తల్లి వెంట ఆసుపత్రికి వెళ్ళండి. ఆమె మాట అటు, వాళ్ళ మాట ఇటు చేర్చండి. డబ్బా తెమ్మంటే వైద్య కారణం ఏమిటో అడగండి. నిజంగా అవసరమైతే సరే, లేకపోతే పాలు పిండటం చూపించమనండి. పాలడబ్బాలకు ప్రచారం చేయడాన్ని, తల్లులకు ఉచితంగా అంటగట్టడాన్ని 1992 చట్టం నిషేధించిందని గుర్తు చేయండి. ఆసుపత్రి కాన్పు తర్వాత 42 రోజుల్లో ఆశా కార్యకర్త ఆరుసార్లు ఇంటికి రావాలి. వచ్చిందా లేదా చూడండి. రాలేకపోతే దారి లేకనా, జీతం రాకనా కనుక్కోండి, ఆమె తరఫున కూడా మాట్లాడండి. టీచర్లూ, మీ సెలవు హక్కు మీకు తెలుసు. అదే హక్కు మీ బడి పిల్లల తల్లులకు ఎందుకు లేదో తరగతిలో, గ్రామసభలో మాట్లాడండి.

మేం అడుగుతున్నవి మూడే. బిడ్డ ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళు పక్కనే తల్లికి మంచం, మూడుపూటలా భోజనం. మా భాష తెలిసిన ఒక మనిషి. ఆరు నెలలు పనికి పోకుండా బతకగలిగే కూలి. ఇవి ఇచ్చాక కూడా తల్లి పాలు ఆపేస్తే, అప్పుడు రండి మాకు అవగాహన చెప్పడానికి.