జవాను ఓటు ఏ ఊరిది?

కొడుకో, భర్తో సైన్యంలో ఉన్న ఇళ్ళు మన పల్లెల్లో ఎన్నో ఉన్నాయి. తాడేపల్లిగూడెం దగ్గరున్న మాధవరాన్నయితే ‘మిలిటరీ మాధవరం’ అనే పిలుస్తారు. అలాంటి ఇంటికి ఓటర్ల జాబితా సరిచూసేవాళ్ళు వచ్చి ‘‘మీ అబ్బాయి ఇక్కడే ఉంటున్నాడా అమ్మా?’’ అని అడిగితే, తల్లి ఉన్నమాటే చెబుతుంది. ‘‘లేడండీ, జమ్మూలో ఉన్నాడు, సెలవు దొరికితే వస్తాడు’’ అంటుంది. అబ్బాయి పేరు మామూలు జాబితాలో ఉంటే ఆ జవాబుతోనే చిక్కొస్తుంది. ఊళ్ళో ఉండటం లేదని పేరు తీసేసే అవకాశం ఉంది మరి! దేశం కోసం ఊరు విడిచినవాడికి ఊళ్ళో ఓటే లేకపోతే ఎలా?

కంగారు పడకండి. చట్టం దీనికి దారి చూపించింది. 1950 నాటి ప్రజా ప్రాతినిధ్య చట్టం ప్రకారం, సైన్యంలో చేరకపోయి ఉంటే మనిషి ఏ ఊళ్ళో కాపురం ఉండేవాడో ఆ ఊరే అతని ఊరు. ఉద్యోగం లడఖ్‌లో ఉన్నా, అస్సాంలో ఉన్నా సొంతూరు సొంతూరే. ఇలాంటి వాళ్ళని ‘సర్వీస్ ఓటర్లు’ అంటారు. సరిహద్దు దళం, సీఆర్‌పీఎఫ్ లాంటి వాటిలో పనిచేసేవాళ్ళకీ ఈ వీలుంది.

ఇందుకు మీవారు ఫారం 2 నింపి తన యూనిట్ ద్వారానే పంపాలి. అక్కడి అధికారి సరిచూసి సంతకం చేస్తారు. అప్పుడు పేరు మన నియోజకవర్గం జాబితాలో చివరన, సర్వీస్ ఓటర్ల భాగంలో చేరుతుంది. వాళ్ళకి మనలాగా ఓటరు కార్డు ఇవ్వరు. కార్డు రాలేదని దిగులు పడక్కర్లేదు.

మరి మన సంగతేమిటి? ఆయనతో పాటు క్వార్టర్స్‌లో ఉంటుంటే మీరూ సర్వీస్ ఓటరుగా చేరవచ్చు. ఇంతకుముందు ఈ వీలు జవాను భార్యకే ఉండేది. 2021లో చట్టం సవరించి, సైన్యంలో ఉన్న ఆడవాళ్ళ భర్తలకీ ఇచ్చారు. మీరు అత్తగారింట్లోనే ఉంటుంటే మాత్రం అందరిలాగే ఫారం 6తో ఆ ఊళ్ళోనే ఓటు. క్వార్టర్స్‌లో మీతో ఉన్న పెద్దపిల్లలకి సర్వీస్ ఓటు రాదు. వాళ్ళు ఉంటున్న చోటే మామూలు ఓటర్లుగా చేరాలి.

ఒక జాగ్రత్త. ‘ఊళ్ళో ఒకటి, అక్కడొకటి ఉంటే పోయిందేముంది’ అనుకోవద్దు. ఒక మనిషి పేరు రెండు చోట్ల ఉండకూడదు. తెలిసి అబద్ధపు ప్రకటన ఇస్తే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, రెండూ పడ్డా పడొచ్చు. సర్వీస్ జాబితాలో చేరేటప్పుడు పాత పేరు తీయించెయ్యండి.

ఓటు వేయడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి పోస్టల్ బ్యాలెట్. 2016లో నిబంధనలు మార్చాక దీన్ని కంప్యూటర్ ద్వారా పంపుతున్నారు. దాన్ని అచ్చు తీసుకుని, ఓటు గుర్తు పెట్టి, కవర్లో పోస్టు చేయాలి. లెక్కింపు మొదలయ్యే వేళకి అది చేరకపోతే ఆ ఓటు లెక్కలోకి రాదు. అందుకే ఆలస్యం చేయవద్దని ముందే చెప్పండి.

రెండోది ప్రాక్సీ. సైన్యంలో ఉన్నవాళ్ళు తమ బదులు ఓటు వేయడానికి అదే నియోజకవర్గంలో ఉంటున్న ఒకరిని ఫారం 13 ఎఫ్‌తో నియమించుకోవచ్చు. అది మీరే కావచ్చు, మామగారైనా కావచ్చు. బూత్‌లో మీ ఓటుకి చూపుడు వేలికి సిరా పెడితే, ఆయన ఓటుకి ఎడమచేతి మధ్య వేలికి పెడతారు. ఆయన ఎవరికి వేయమంటే వారికే వేయాలి సుమా! నమ్మి అప్పగించిన ఓటది.

ఈసారి ఆయన ఫోన్ చేసినప్పుడు పిల్లల చదువులూ, పొలం సంగతులూ అయ్యాక ‘‘మీ పేరు ఏ జాబితాలో ఉందండీ?’’ అని ఒక్క మాట అడగండి. ఎన్నికల తేదీ వచ్చాక పరుగులు పెట్టేకంటే ఇప్పుడే చూసుకోవడం మేలు కదూ!