రసీదు పుస్తకం చాలదు, రాబడి కావాలి



రంజాన్ వస్తే ఆబిడ్స్ దుకాణాల దగ్గర సఫీర్ సాహెబులు కనబడతారు. ఊరి అంజుమన్ పేరున్న రసీదు పుస్తకం పట్టుకుని ఒక్కో గల్లా ముందు నిలబడతారు. మక్తబ్ ఉస్తాద్‌కి జీతం ఇవ్వాలి, యతీమ్ పిల్లల ఫీజు కట్టాలి. వాళ్ళ నీయత్ మీద నాకు ఏ షక్కూ లేదు. నా ఫికర్ వేరు. నిరుడు వచ్చిన అంజుమనే ఈ ఏడూ వస్తుంది, వచ్చే ఏడూ వస్తుంది. చందా తగ్గిన ఏడాది ఆ ఊళ్ళో తాలీమ్ కూడా తగ్గుతుంది. ఊరి తరక్కీ ఎవరి జేబు మీదో ఎన్నాళ్ళు ఆధారపడాలి?

జవాబు నాంపల్లిలోనే ఉంది. మనం దాన్ని గాజులు కొనే చోటుగా, పిల్లల్ని జెయింట్ వీల్ ఎక్కించే చోటుగా మాత్రమే చూస్తాం. నేను చెప్పేది నుమాయిష్ గురించి.

దాన్ని మొదలుపెట్టింది సౌదాగర్లు కాదు, ఉస్మానియాలో చదువుకున్న నౌజవాన్లు. హైదరాబాద్ రియాసత్ ఆర్థిక పరిస్థితిని సర్వే చేయాలనుకున్నారు, దానికి పైసలు లేవు. అప్పుడు ముల్కీ వస్తువుల ప్రదర్శన పెట్టి సొమ్ము కూడబెట్టాలన్న ఆలోచన వచ్చింది. రెండున్నర రూపాయల మూలధనంతో మొదలైందని చెబుతారు. 1938లో బాగె ఆమ్‌లో, అంటే నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో, 7వ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ దాన్ని ప్రారంభించారు. పేరు ‘నుమాయిష్ మస్నుఆతె ముల్కీ’. 1946లో ఇప్పుడున్న మైదానానికి మారింది. 1947, 48లలో జరగలేదు. 1949లో మళ్ళీ మొదలై అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శన అయింది.

అసలు సంగతి ఆ సొమ్ము ఎటు పోయిందన్నది. ఎగ్జిబిషన్ సొసైటీ స్టాళ్ళ కిరాయి, టికెట్ల రాబడితో విద్యాసంస్థలు నడుపుతోంది. ఆ మైదానంలోనే ఉన్న సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయ, కమలా నెహ్రూ పాలిటెక్నిక్ వాటిలోవే. అక్కడ ఎంతమంది ఆడపిల్లలు చదువుకున్నారో! ఏడాదిలో నెలన్నర మేళా, పన్నెండు నెలల తాలీమ్.

ఈ ఉసూల్ మనకు కొత్తదా? హజ్రత్ ఉమర్ (రజి.) ఖైబర్‌లో తనకు వచ్చిన భూమిని ఏం చేయాలని అడిగితే, అసలును అలాగే ఉంచి దాని ఫలాన్ని దానం చేయమని ప్రవక్త (స) సలహా ఇచ్చారు. వక్ఫ్ అంటే ఇదే. అసలు కరగకూడదు, ఫలం ఆగకూడదు. కానీ మన హాల్ చూడండి. 2006 నాటి సచార్ కమిటీ రిపోర్టు ప్రకారం దేశంలో 4.9 లక్షల వక్ఫ్ ఆస్తుల మీద ఏడాదికి వచ్చే ఆమ్దానీ సుమారు 163 కోట్లు. సరిగ్గా వాడితే 12,000 కోట్లు రావచ్చని అదే కమిటీ లెక్కకట్టింది.

‘పల్లెలో నుమాయిష్ ఎవరు పెడతారు భాయ్?’ అంటారు. నుమాయిష్ అక్కర్లేదు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ చూడండి. 1983లో పుట్టిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అక్కడి పేద, దళిత మహిళల సంఘాలతో పనిచేస్తోంది. ఆ మహిళలు బీడు భూముల సాగుకు అప్పు ఇచ్చి, దాన్ని నగదుగా కాక జొన్నలుగా తిరిగి తీసుకున్నారు. ఆ జొన్నలు ఊళ్ళోనే నిల్వ చేసి, కరువు రోజుల్లో పేద ఇళ్ళకు తక్కువ ధరకు అమ్మారు. అమ్మిన సొమ్ము మళ్ళీ ఊరి నిధికే చేరింది. అక్షరం రాని అక్కలు కూడా నడిపిన హిసాబ్ అది. మనవల్ల ఎందుకు కాదు?

నా తజ్వీజ్ ఇంతే. ప్రతి ఊరి అంజుమన్ వచ్చే చందాలో కొంత భాగం పక్కన పెట్టాలి. నాలుగేళ్ళకో అయిదేళ్ళకో రోడ్డు పక్కన రెండు మడిగెలు కట్టాలి. లేదా ఒక పిండి గిర్నీ పెట్టాలి, షాదీలకు అద్దెకిచ్చే సామాను కొనాలి. కిరాయి బజారు ధరకే ఇవ్వాలి, సదర్ సాహెబ్ బావమరిదికైనా సరే. ఆమ్దానీ, ఖర్చు ప్రతి మూడు నెలలకూ మస్జిద్ గోడ మీద అంటించాలి. ఆడవాళ్ళకు కూడా ఆ హిసాబ్ చూసే హక్కుండాలి, ఎందుకంటే పిల్లల ఫీజు బాధ ముందు తెలిసేది అమ్మలకే.

ఒక జాగ్రత్త. జకాత్ సొమ్ముతో మడిగెలు కట్టకండి. దాని హక్దార్లు ఎవరో సూరె తౌబా 60వ ఆయత్‌లో ఉంది, 8 రకాల వాళ్ళు. అది వాళ్ళకు చేరాల్సిన అమానత్. ఇలాంటి పనికి అతియా, నఫిల్ సదఖా తీసుకోండి, తీసుకునేటప్పుడే ఎందుకో చెప్పండి. ఏదైనా మస్అలా వస్తే ఆలిమ్‌ని అడగండి.

సఫీర్ సాహెబ్ ఈ రంజాన్‌లో మీ గల్లా ముందుకు వస్తే ఖాళీ చేతులతో పంపకండి. ఇచ్చేది ఇచ్చి, అదబ్‌తో ఒక్క మాట అడగండి: ‘భాయ్‌సాబ్, అయిదేళ్ళ తర్వాత మీరు ఇక్కడికి రానక్కర్లేకుండా మీ అంజుమన్ ఏం చేస్తోంది?’

జవాబు ఉన్న అంజుమన్‌కి రెండింతలు ఇవ్వండి.