నాటకాల నటీమణికి అండ ఎవరు?

వెంకటాచలం: తిరునాళ్ల వచ్చిందంటే "రాత్రికి నాటకం ఏమిటి?" అని ఒకరినొకరు అడుగుకొన్న కాలం నెల్లూరు జిల్లా పల్లెల్లో చాలా ఏళ్లు నడిచింది. హరిశ్చంద్ర, కృష్ణరాయబారం, కృష్ణతులాభారం నాటకాల పద్యాలు చదువురాని వారికి సైతం కంఠస్థం. అర్జునుడు వేసిన వారెవరో, కృష్ణుడు వేసిన వారెవరో ఊరి పెద్దలు పేర్లతో సహా చెబుతారు. చంద్రమతి వేసినదెవరని అడిగితే మాత్రం "ఫలానా ఊరి ఆమె" అని ఆగిపోతారు. తెల్లవారుజాము వరకు గొంతెత్తి పాడి, తొలి బస్సుకు వెళ్లిపోయిన ఆ స్త్రీల పేర్లు ఊరికి గుర్తులేవు. ఇది మన రసజ్ఞతకు మచ్చ కాదా?

పేరు తెలిసిన నటీమణి జీవితాన్ని చూసినా మనం వారికి చేసిన న్యాయం ఏపాటిదో అర్థమవుతుంది. సురభి కమలాబాయి అటువంటి నటి. ఆమె తల్లి దమయంతి పాత్ర ధరించి రంగస్థలంపై ఉండగా నొప్పులు వచ్చి, అక్కడే ఆమెను ప్రసవించిందని నాటకాల వారు చెప్పుకొంటారు. బాల్యంలో కృష్ణుడు, ప్రహ్లాదుడు వేషాలు వేసి, పెరిగిన తర్వాత నాయిక పాత్రలకు ఎదిగింది. 1932 ఫిబ్రవరి 6న విడుదలైన తొలి పూర్తి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతి ఆమే. హెచ్.ఎం.రెడ్డి దర్శకత్వం వహించిన ఆ చిత్రంలో హిరణ్యకశిపుడు మునిపల్లె సుబ్బయ్య. అదే ఏడాది 'పాదుకా పట్టాభిషేకం'లో సీతగా, 'శకుంతల'లో శకుంతలగా యడవల్లి సూర్యనారాయణ సరసన నటించింది. నేపథ్యగానం లేని రోజులవి. నటించే వారే పాడాలి. నాటకంలో నేర్చిన గాత్రమే ఆమెను కెమెరా ముందు నిలబెట్టింది.

అప్పటి కథానాయిక 1951లో వచ్చిన 'పాతాళ భైరవి'లో తోటరాముడి తల్లిగా కనిపించింది. 1971లో కన్నుమూసింది. 'భక్త ప్రహ్లాద' ప్రింటు మిగలలేదు. తెలుగు తెర తొలి నాయిక ఆ చిత్రంలో ఎలా పాడిందో వినే భాగ్యం మనకు లేకుండా పోయింది.

అదే 1971లో మరో మహానటుడు స్థానం నరసింహారావు కూడా కీర్తిశేషులయ్యారు. సత్యభామగా, చింతామణిగా స్త్రీ పాత్రలను ఆయన పండించిన తీరు అపూర్వం. ప్రభుత్వం 1956లో పద్మశ్రీతో గౌరవించింది. అది ముమ్మాటికీ సమంజసమే. అయితే ఆడవేషం వేసిన మగవానికి దక్కిన గౌరవం, ఆ వేషాలు వేసిన ఆడవారికి ఎందుకు అందలేదన్నది ఆలోచించవలసిన విషయం. మగవాడు వేస్తే ప్రజ్ఞ, ఆడది వేస్తే సహజం అనుకొన్నామేమో! ఆమె పద్యం వెనుక ఎన్ని ఏళ్ల సాధన ఉందో లెక్కలోకి రాలేదు.

కుటుంబమే పాఠశాల

కమలాబాయి వంటి వారు ఎలా తయారయ్యారో చూద్దాం. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ఒక పెళ్లి సందర్భంగా వనారస గోవిందరావు ప్రభృతులు 'కీచకవధ' ఆడారు. ఆ ఊరి పేరే వారికి ఇంటిపేరైంది. మిగతా సమాజాలు మీసాలు తీసిన మగవారితో స్త్రీ పాత్రలు వేయిస్తున్న కాలంలో సురభివారు తమ ఇంటి ఆడవారినే రంగస్థలం ఎక్కించారు. నాటకమాడేది కుటుంబమంతా. హార్మోనియం ముందు తండ్రి, తెర పక్కన తల్లి, పాత్రలో కూతురు, ఊయలలో మనుమడు! ఆడపిల్లకు రాగం నేర్పే గురువు, కూడు పెట్టే చెయ్యి, కాపలా కాసే కన్ను అన్నీ ఆ కుటుంబమే. గొంతు బొంగురుపోయిన నాడు, ఒళ్లు బాగోలేని నాడు ఆమె వేషం మరొకరు వేసేవారు. కూటికి మాత్రం లోటు వచ్చేది కాదు.

తర్వాత కాంట్రాక్టు నాటకాలు వచ్చాయి. ఒక ఊరి కృష్ణుడు, మరొక ఊరి అర్జునుడు, ఇంకో ఊరి ద్రౌపది ఆ రాత్రికి ఒక పందిట్లో కలుసుకొంటారు. జనానికి పేరున్న నటులందరినీ ఒకేచోట చూసే వీలు కలిగిన మాట నిజమే. కాని నటీమణి పరిస్థితి తలకిందులైంది. ఆమె ఏ సమాజానికీ చెందదు. ఆడిన రాత్రికే డబ్బు. ఆడని రాత్రి పస్తు. హార్మోనిస్టు మగవారి గొంతుకు తగిన శ్రుతి పెడితే ఆమె అందులోనే సర్దుకొని పాడాలి. చీర మార్చుకోవడానికి తడికె చాటే గతి. "వన్స్ మోర్" అన్నవారే తెల్లవారి టీ కొట్టు దగ్గర ఆమె నడవడి గురించి గుసగుసలాడుతారు.

ఇక్కడే అసలు విషయం ఉంది. సురభిలో ఆడవారు రాణించడానికి గాత్రం ఒక్కటే కారణం కాదు. ఆ గాత్రం చుట్టూ కుటుంబం గోడలా నిలిచింది. కాంట్రాక్టు నాటకం గాత్రాన్ని తీసుకొని గోడను వదిలేసింది. ఆ లోటు ఎవరు తీర్చాలి? నాటకం పిలిపించుకొనే ఊరే తీర్చాలి.

"ఈ రోజుల్లో పద్యనాటకం చూసేదెవరు? సెల్‌ఫోనులో అన్నీ వస్తుంటే రాత్రంతా చలిలో కూర్చునేదెవరు?" అని కొందరు వాదిస్తారు. వాదనలో కొంత నిజం లేకపోలేదు. కాని అదే తిరునాళ్లలో చెవులు చిల్లులు పడే డీజే పెట్టెలకు చందాలు వసూలవుతున్నప్పుడు పద్యానికి మాత్రమే జనం లేరనడం సబబు కాదు. సురభివారి 'మాయాబజార్' పిల్లలు సైతం కళ్లార్పకుండా చూస్తారు. బాగా ఆడితే చూస్తారు. బాగా ఆడాలంటే ఆడేవారికి బతుకుపై భరోసా ఉండాలి.

చేయవలసినవి ఇవే

పెద్ద పథకాలు అక్కరలేదు. నాటకం పెట్టించే ఉభయకర్తలు, కమిటీవారు నాలుగు నియమాలు పెట్టుకొంటే చాలు. డబ్బు ఎంతో ముందే మాట్లాడి, కాంట్రాక్టరు చేతికి కాక నటీమణి చేతికే ఇవ్వాలి. వేషం వేసుకోవడానికి తలుపున్న గది చూపాలి. తెల్లవారి బస్సు ఎక్కేవరకు ఊరి ఆడవారిలో ఇద్దరు తోడుండాలి. కరపత్రంలో నటుల పేర్లతో సమానంగా నటీమణుల పేర్లు అచ్చు వేయాలి. చివరిది పైసా ఖర్చు లేని పని. అయినా ఊరు ఆమెను గుర్తుపెట్టుకొనేది దాని వల్లనే.

ఇక విద్యాసంస్థల బాధ్యత. మైసూరు నుంచి తరలివచ్చిన ప్రాచీన తెలుగు విశిష్ట అధ్యయన కేంద్రం 2020 జనవరిలో వెంకటాచలంలోనే ప్రారంభమైంది. నాటక పద్యం ప్రాచీనం కాదు గదా అని ఎవరైనా అనవచ్చు. తిక్కన సోమయాజి తెనిగించిన ఉద్యోగపర్వం కథనే తిరుపతి వేంకటకవులు నాటకంగా మలిచారు. గ్రంథం తెరవని లక్షల మందికి భారతం చెవిన వేసింది ఆ నాటకమే. తిక్కన నడయాడిన సింహపురి సీమలో ఉన్న పరిశోధకులకు ఇది పరాయి పని కాదు. మండలంలోని కాకుటూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఉంది. నెల్లూరులోని ప్రభుత్వ సంగీత, నృత్య పాఠశాలకు 2020లో ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం పేరు పెట్టారు. ఆయన తండ్రి సాంబమూర్తి హరికథకులు. ఈ సంస్థలు చేతులు కలిపి, జిల్లాలో మిగిలిన వృద్ధ నటీమణుల ఇళ్లకు వెళ్లి వారి పద్యాలు, పాత్రల మర్మాలు, జీవిత విశేషాలు రికార్డు చేయాలి. సంగీత పాఠశాలలో నాటక పద్యం ఎత్తుగడ నేర్పడానికి వారినే పిలిచి గౌరవ వేతనం ఇవ్వవచ్చు. ఇందుకు కావలసింది ఒక రికార్డింగు యంత్రం, కాస్త ఓపిక.

తొలి నాయిక పాడిన తొలి చిత్రం పోగొట్టుకొన్నాం. అప్పటివారికి దాచిపెట్టే సౌకర్యం తక్కువ. ఇప్పుడు ప్రతివారి జేబులోనూ ఆ సౌకర్యం ఉంది. అయినా మన ఊళ్లకు వచ్చి పాడిన చంద్రమతుల గొంతులు వారితోనే పోతే, ఆ తప్పు కాలానిది కాదు, మనదే. ఈ ఏటి తిరునాళ్లకు చందా పుస్తకం పట్టుకొని బయలుదేరే పెద్దలు ఈ విషయం ఆలోచిస్తారని ఆశిద్దాం.