తంజావూరిలో ఒక పగలు

తెలుగు వాఙ్మయ చరిత్ర చదువువారు కన్నులార చూడవలసిన నగరములలో మిక్కిలి ముఖ్యమైనది తెలుగునాట లేదు. అది తమిళదేశమున, కావేరీ మండలమున ఉన్నది. బి.ఏ. తరగతులలో దక్షిణాంధ్ర యుగమను పాఠమును మనము ఏటేట చెప్పుదుము. రఘునాథ నాయకుడు, విజయరాఘవుడు, చేమకూర వేంకటకవి, రంగాజమ్మ అను పేరులను విద్యార్థులు వల్లించుదురు, పరీక్షలో వ్రాయుదురు, వేసవి సెలవులలో మఱచిపోవుదురు. ఆ పేరులకు ఒక ఊరున్నదనియు, ఆ ఊరికి రైలు పోవుచున్నదనియు వారికి తోచదు. మన ఉపాధ్యాయులలోనైనను ఎందఱకు తోచినది?

ఇటీవల తంజావూరు చూచుటకు నాతో వచ్చిన మిత్రుడు చరిత్రోపన్యాసకుడు. కళాశాలలో నా సహాధ్యాయి. సాహిత్యమువాడును చరిత్రవాడును కలిసి ఒక ఊరు చూచుట కొంత ప్రయాసతో కూడిన పని. ఒకడు మెచ్చినదానిని రెండవవాడు లెక్కలడిగి తగ్గించుచుండును. అయినను ఒంటరిగా చూచుటకన్న ఇదియే మేలు. ఒంటరి యాత్రికుడు తాను ముందే నమ్మినదానిని మఱల చూచి తృప్తిపడి వచ్చును.

ఉదయము ఏడు గంటలకు బృహదీశ్వరాలయమునకు పోయితిమి. రాజరాజ చోళుడు 1010లో పూర్తి చేయించిన ఆ విమానము ఎత్తు రెండువందల అడుగులకు పైమాటయే. దానికి పడమట ఒక మార్గదర్శి పదిమంది యాత్రికులను కూడగట్టుకొని, ఈ విమానపు నీడ నేలపై పడదని చెప్పుచుండెను. చెప్పుచు ఆయన నిలుచున్నది ఆ నీడలోనే! పిల్లలొకరిద్దఱు కాళ్ళవంక చూచుకొనిరి గాని పెద్దలెవరును చూడలేదు. ఇట్టి కథలు లేకున్నను ఆ కట్టడము గొప్పదనమునకు లోపము లేదు. ఆ పీఠము చుట్టును చెక్కిన శాసనములు చాలును. రాజు ఇచ్చిన బంగారమెంత, ఏ దీపమునకు ఎంత నెయ్యి అనుటతో ఆగక, చోళదేశపు ఆలయములనుండి రప్పించిన సుమారు 400 మంది నాట్యకత్తెల పేరులును, ఎవరు ఏ గుడినుండి వచ్చిరో, ఏ వీథిలో ఎన్నవ ఇల్లు వారికిచ్చిరో అందులో వ్రాయబడి యున్నవి. మా మిత్రుడు ఆ గోడమీద చేయి ఉంచి, “మీ కవులు వేయి పద్యాలు వ్రాస్తారు గాని, ఒక్క నాట్యకత్తె ఇల్లు ఎక్కడో చెప్పగలరటోయ్?” అనెను. నేను మాటాడలేదు. మధ్యాహ్నము వఱకు ఆగుమని మనసులో అనుకొంటిని.

గర్భగృహము చుట్టునున్న చీకటి నడవలో చోళుల నాటి వర్ణచిత్రములు ఉన్నవి. 1931 వఱకు వాని సంగతి లోకమునకు తెలియదు. వానిపై నాయకరాజుల కాలమున మఱియొక పూత పూసి క్రొత్త చిత్రములు వ్రాసిరి. పై పూత రాలినచోట క్రింది రంగులు కనబడగా అణ్ణామలై విశ్వవిద్యాలయపు అధ్యాపకుడు ఎస్. కె. గోవిందస్వామిగారు కనుగొనిరి. తరువాత పురావస్తు శాఖవారు పై చిత్రములను చెడకుండ ఊడదీసి వేఱుగ భద్రపఱచిరి. క్రింది చిత్రములను బయలుపఱచిరి. లోపలికి అందఱను పోనీయరు. చూడకున్నను ఈ పని జరిగిన విధము మన సాహిత్య చరిత్రకారులు తెలిసికొనదగినది. క్రిందిది గొప్పదని చెప్పుటకు పైదానిని గీకి పారవేయ నక్కఱలేదు. ఆ ఆలయపు గోడలమీదనే 1803 నాటి మరాఠీ శాసనము, భోసలవారి వంశచరిత్ర, మిగుల దీర్ఘముగా చెక్కబడి యున్నది. ఒకే ప్రాకారమున మూడు రాజవంశములు ఒండొరుల ప్రక్కన వ్రాసికొని కూర్చున్నవి.

కాఫీ త్రాగి కోటలోనికి పోయితిమి. నాయకులు కట్టగా మరాఠాలు పెంచిన రాజభవనమది. అందులోనే సరస్వతీ మహల్ గ్రంథాలయము. నాయకులనాటినుండి చేరుచు వచ్చిన గ్రంథములను రెండవ శరభోజి విశేషముగా పెంచెను. 1799లో రాజ్యము ఇంగ్లీషువారి పరము కాగా ఆయనకు మిగిలినది కోటయు, ఈ పుస్తకములును. 1918లో అది ప్రజల గ్రంథాలయమైనది. అందు తెలుగు వ్రాతప్రతులే సుమారు 800 ఉన్నవి. అద్దాల పెట్టెలో ఒక తాటాకు కట్టను చూచుచు నిలువగా ఒక పాఠశాల విద్యార్థులు వరుసగా వచ్చిరి. ఉపాధ్యాయుడు “కదలండి, కదలండి” అనుచుండెను. ఆ గది వారికి ఐదు నిమిషములు పట్టలేదు. తెలుగు పిల్లలే. అద్దముక్రింద ఉన్నది తమ లిపి అని వారికెవరును చెప్పలేదు.

మా వాదము అచ్చట మొదలైనది. ఈ కాలమునకు మన గ్రంథములలో క్షీణయుగమని పేరు. ఆ పేరు నాకు ఎన్నడును నచ్చలేదు. మా మిత్రుడు అది సరియైన పేరే అనెను. “1673లో మధుర చొక్కనాథ నాయకుడు దండెత్తి వచ్చాడు. విజయరాఘవుడు యుద్ధంలో చచ్చిపోయాడు. అంతఃపురం స్త్రీలంతా నాశనమయ్యారు. కొట్టినవాడూ తెలుగువాడే, పడినవాడూ తెలుగువాడే. యక్షగానాలు వ్రాసే రాజు కోట చూసుకోలేదు. దీన్ని క్షీణత అనకపోతే ఏమంటావు?” అని అడిగెను.

రాజ్యము క్షీణించినదనుట నిజము. రాజ్యముతోబాటు సాహిత్యమును క్షీణించినదని ఎట్లు చెప్పుదుము? విజయవిలాసము రఘునాథుని ఆస్థానమున పుట్టినది; పదమును చేమకూర కవి త్రిప్పినట్లు త్రిప్పగలవాడు ప్రబంధయుగముననైనను ఎందఱు? విజయరాఘవుడు తన కన్నతండ్రినే కావ్యనాయకునిగా చేసి రఘునాథాభ్యుదయము వ్రాసెను. పురాణపురుషులను విడిచి కన్నుల ఎదుట మెలగిన మనుష్యుని దినచర్యను కావ్యవస్తువుగా గైకొనుట సామాన్యమైన మార్పు కాదు. రంగాజమ్మ మన్నారుదాస విలాసమును రంగస్థలమునకై వ్రాసెను. మన నాటక చరిత్రను యక్షగానమును విడిచి ఎవరు వ్రాయగలరు? వచనము సైతము కావ్యగౌరవమును పొందినది ఈ దక్షిణదేశపు ఆస్థానములలోనే.

వీనికన్న బలమైన సాక్ష్యము ఒకటి యున్నది. 1676 నాటికి తంజావూరు మరాఠాల వశమైనది. ఏకోజీ కుమారుడు శాహజీ ఇంటిభాష మరాఠీ, ప్రజలభాష తమిళము. ఆయన తెలుగున యక్షగానములు వ్రాసెను. పంచభాషా విలాసమని ఐదు భాషల నాటకమును వ్రాసెను. ఓడిపోయినవారి భాషను, అందును క్షీణించిన భాషను, గెలిచిన రాజు నేర్చికొని గ్రంథములు వ్రాయునా? ఇప్పటికిని దాపుననున్న మెలట్టూరులో నరసింహ జయంతికి భాగవత మేళమువారు తెలుగు నాటకములనే ఆడుచున్నారు. ఊరు తమిళము, నాటకము తెలుగు. క్షీణించినది మూడువందల యేండ్లు బ్రతుకదు.

మిత్రుడు ఒప్పుకొనలేదు. “ఇవన్నీ ఎవరి పన్నులతో?” అనెను. కావేరి రైతు పన్నులతోనే. ఉదయము చూచిన ఆలయమును వారి పన్నులతోనే కట్టిరి గదా, దానిని క్షీణమని ఏల అనవని అడిగితిని. “దాన్ని కూడా నేను పొగడలేదుగా, శాసనాలు చదివాను, అంతే” అనెను. ఈ మాటకు నావద్ద సమాధానము లేదు. ఆయన వాదమునకు లొంగుటయు నాకిష్టము లేదు. విద్యార్థులకు రెండును చెప్పవలెను. ఎవరు పాడిరో తెలుగు మాస్టరు చెప్పగా, ఎవరు పండించిరో చరిత్ర మాస్టరు ఆ పూటనే, ఆ చోటనే చెప్పవలెను. మనము నడపు విహారయాత్రలలో ఈ ఇద్దఱును ఒక బస్సులో ఉండుట అరుదు. ఉన్నను ఒకరు భోజనముల లెక్కయు, ఇంకొకరు పిల్లల లెక్కయు చూచుకొనుచుందురు. మూడు దినములలో ఆఱు ఊళ్ళు చూపి, ప్రతి ఊరిలోను సెల్‌ఫోనుతో ఒక ఛాయాచిత్రము తీసికొని తిరిగివచ్చుటకన్న ఒక్క ఊరిని ఒక్క పగలు చూచుట మేలు. బయలుదేరుటకు ముందు విజయవిలాసమునుండి పది పద్యములు తరగతిలో చదివింపుడు. శాసనమున ఒక్క నాట్యకత్తె పేరును వెదకి వ్రాసికొని రండని చెప్పుడు. ఈ రెండు పనులకు కానీ ఖర్చు లేదు.

ఎండ తగ్గిన పిమ్మట బస్సెక్కి తిరువయ్యారు పోయితిమి. 1847లో త్యాగరాజస్వామి కాలధర్మము చెందిన ఊరది. ఆయన సమాధిపై గుడి కట్టించినది బెంగుళూరు నాగరత్నమ్మ. దేవదాసీ కులమున పుట్టిన విదుషి. ఆరాధనలో స్త్రీలు పాడరాదన్న కాలమున స్త్రీలను కూర్చి ఆమె పాడించెను. మన అధ్యాపకులు ఆమెను గూర్చి చెప్పవలసినది ఇంకొకటి కలదు. ప్రతాపసింహుని ఆస్థానమున ముద్దుపళని రచించిన రాధికా సాంత్వనమును వీరేశలింగము పంతులుగారంతటివారు నిరసించియుండగా, నాగరత్నమ్మ దానిని పరిష్కరించి 1910లో వావిళ్లవారిచేత అచ్చువేయించెను. మఱుసటి ఏడు ప్రభుత్వము నిషేధించెను. 1947లో గాని ఆ నిషేధము తొలగలేదు. ఒక ఆడుది వ్రాసినందున కాదు గదా ఇంత కోపమని ఆమె వేసిన ప్రశ్న నేటికిని మన పాఠ్యగ్రంథ సంఘముల ఎదుట నిలిచియే యున్నది.

ఆమె సమాధియు అచ్చటనే ఉన్నది. మిత్రుడు చాలసేపు ఏమియు మాటాడలేదు. తిరుగు బస్సులో మాత్రము, “ఆ రంగాజమ్మ నాటకం నీ దగ్గర అచ్చుప్రతి ఉందా?” అని అడిగెను. ఉన్నదంటిని. ఊరు చేరగనే ఇచ్చితిని. నాలుగు నెలలైనది, ఇంతవఱకు తిరిగి ఈయలేదు.