మావయ్య కబుర్లు: పాటల పెట్టెలో మామ్మగారు

పిల్లలూ!

పాత పుస్తకం కొంటే మొదటి పేజీలో ఎవరిదో పేరు వుంటుంది గదా. మరి పాత పాటల పెట్టె కొంటే అందులో ఏముంటుంది? ఈ నెల ఆ సంగతే చెపుతాను, వినండి.

మా అక్క కొడుకు కొవ్వూరులో ఆరో తరగతి చదువుతున్నాడు. వాడికి పాటలంటే ప్రాణం. సెల్‌ఫోను యిమ్మంటే అక్క యివ్వదు. అందుకని పండగలకు చేతిలో పడిన డబ్బులన్నీ డిబ్బీలో దాచుకుని, ఒక ఆదివారం నన్ను వెంటబెట్టుకుని రాజమండ్రి బయలుదేరాడు. 1974లో తయారైన పెద్ద వంతెన మీద బస్సులో వెళ్లాం. పైన బస్సులు, కింద రైళ్లు పోయే వంతెన అది.

పాత సామాన్ల కొట్టులో, అగ్గిపెట్టె కన్న కాస్త పెద్దదైన పెట్టె ఒకటి వాడి కంటబడింది.

"పనిచేస్తుందా?" అన్నాను.

"ఆయ్! శుభ్రంగా పాడుద్దండి. మీరే చూసుకోండి," అన్నాడు కొట్టాయన.

నేను ముందు దాని వీపు చూశాను. ఎందుకంటారా? లోపల లిథియం బ్యాటరీ వుంటుంది. అది పాతబడి చెడితే లోపల వాయువు పుట్టి ఉబ్బుతుంది. ఉబ్బినదాన్ని నొక్కినా, పొడిచినా మంట లేవవచ్చు. అటువంటిది కొనరాదు. మాది ఉబ్బలేదు. పాట కూడా బాగానే వినిపించింది. కొన్నాం.

యింటికి రాగానే మావాడు పాటలు ఎక్కించబోయాడు. "చోటు లేదు" అన్నది పెట్టె! అందులో పట్టేది 4 జీబీ. ఎంపీ3 పద్ధతిలో నిమిషం పాటకు సుమారు ఒక ఎంబీ కావాలి. అంటే నాలుగు నిమిషాల పాటలు వెయ్యి దాకా పడతాయన్నమాట. 2001లో మొదటి ఐపాడ్ వచ్చినప్పుడు, జేబులో వెయ్యి పాటలని లోకమంతా ఆశ్చర్యపోయింది. ఆ ఐపాడ్ల తయారీని 2022లో ఆపివేశారు.

యింతలో మావాడు నవ్వుతూ వచ్చాడు. "మావయ్యా, పాతవన్నీ తీసేశాను. అందులో ఒక మామ్మగారు పూతరేకులు చెయ్యడం చెపుతున్నది. 'కుండ కాగిందే అమ్మలూ, వెనక్కి జరుగు, చెయ్యి కాలుద్ది' అంటున్నది!"

నా గుండె గతుక్కుమన్నది. "అది ఎవరి మామ్మగారో! ఆ గొంతు వాళ్ల దగ్గర యింకెక్కడా లేదేమో?" అన్నాను.

వాడి ముఖం చిన్నబోయింది. "పోయినట్టేనా మావయ్యా?"

"యిక ఒక్క పాట కూడా ఎక్కించకు. ఆశ వున్నది," అన్నాను.

ఎట్లాగంటారా? కరణంగారి పుస్తకంలో ఒక చేను పేరు కొట్టేశారనుకోండి. పుస్తకంలో పేరు పోయింది కాని, చేలో పైరు అట్లాగే వుంటుంది. వేరొకరు వచ్చి దున్ని, కొత్త నాట్లు వేసినప్పుడే అది పోతుంది. పాటల పెట్టె కూడా అంతే. మనం "తీసెయ్యి" అనగానే చాలావరకు జాబితాలో పేరే పోతుంది. దాని మీద కొత్త పాట పడినప్పుడే అసలుది చెరిగిపోతుంది.

పక్కింట్లో ఇంజనీరింగు చదివే అమ్మాయి పెట్టెను తన కంప్యూటరుకు తగిలించి, పోయినవాటిని వెదికే ప్రోగ్రాము నడిపింది. గంటసేపు మావాడు కదలకుండా కూర్చున్నాడు. కొన్ని పాటలు రాలేదు. మామ్మగారు మాత్రం వచ్చింది! "చెయ్యి కాలుద్ది" అనగానే వాడు ఎగిరి గంతేశాడు.

కొట్టాయనకు సంగతి చెప్పాం. ఆయన పెట్టె అమ్మినవారికి కబురు చేశాడు. మరుసటి ఆదివారం ఒకావిడ కూతురిని వెంటబెట్టుకుని కొట్టుకు వచ్చింది. ఆమెది ఆత్రేయపురం దగ్గర పల్లె. గొంతు వినగానే కొంగు కళ్లకు అద్దుకున్నది. "మా అమ్మండి. పోయి ఏడాదైంది. పాత సామానుతోపాటు యిదీ అమ్మేశాం. యిందులో వుందని తెలియదు," అన్నది.

మావాడు పెట్టెను ఆమె చేతిలో పెట్టేశాడు. డిబ్బీ డబ్బులన్నీ పోసి కొన్నదే! ఆమె గొంతును తన ఫోనులోకి ఎక్కించుకుని, "గొంతు మాది, పెట్టె నీది బాబూ," అని తిరిగి యిచ్చింది.

కనుక పిల్లలూ, పాత పెట్టె కొంటే ఏదీ చెరపకముందు ఒకసారి చూడండి. మీది అమ్మేటప్పుడు కావలసినవి ముందు వేరేచోట దాచుకోండి. ఆ తరువాత వట్టి జాబితా చెరిపి వూరుకోక, పెట్టె నిండా వేరే పాటలు ఎక్కించి, అవీ తీసేసి యివ్వండి. లేకపోతే మీ సొంత మాటలు పరాయివారి చెవిన పడవచ్చు.

అన్నట్టు, మీ మామ్మగారి గొంతు మీ దగ్గర వున్నదా? లేకపోతే యివాళే ఒక కథ చెప్పమని అడిగి, పట్టి వుంచండి. రెండుచోట్ల దాచండి సుమా!

మళ్లీ వచ్చే నెల కలుసుకుందాం.

మీ మావయ్య