బేరం కుదిరిన చోటే తీర్పు

మాచవరంలో ఒక మిర్చి రైతు మొన్న తన ఫోను నా చేతికిచ్చి ఒక కాయితం చదివిపెట్టమన్నాడు. అమెరికాలో ఎమ్మెస్ చదువుతున్న కొడుకు వాట్సాప్‌లో పంపిన కోర్టు నోటీసు అది. సూపర్ మార్కెట్‌లో ఎవరి బిల్లు వాళ్లే కొట్టుకునే మిషను దగ్గర రెండు వస్తువులకు బిల్లు కొట్టకుండా బయటికొచ్చాడని కేసు. మర్చిపోయానని కుర్రాడు అంటున్నాడు. తండ్రి అడిగింది ఒక్కటే. "ఒప్పుకుంటే ఫైనుతో పోద్దంట సార్. ఒప్పుకోమని చెప్పమంటారా?"

ఇలాంటి పొరపాటు పిడుగురాళ్లలో జరిగితే షాపాయనకు డబ్బు కట్టి, ఇద్దరు పెద్దమనుషులు సర్దిచెబితే సాయంత్రానికి ముగుస్తుంది. ఆ అలవాటుతోనే మన పిల్లలు అక్కడి పోలీసులనూ అడుగుతున్నారు. 2024 మార్చిలో న్యూజెర్సీలోని హోబోకెన్‌లో ఇద్దరు తెలుగు అమ్మాయిలు ఇలాంటి కేసులోనే అరెస్టయ్యారు. ఒకరిది హైదరాబాద్, ఒకరిది గుంటూరు. రెట్టింపు డబ్బు కడతాం, వదిలేయండని వాళ్లు బతిమాలిన వీడియో ఊరూరా తిరిగింది. చాలామంది నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. ఆ పిల్లలకు ఆ దేశపు క్రిమినల్ న్యాయం గురించి ఎవరూ ఒక్క ముక్క చెప్పి పంపలేదు.

అమెరికా కోర్టంటే మనకు సినిమా గుర్తొస్తుంది. పన్నెండుమంది జ్యూరీ, ఇద్దరు లాయర్ల వాదులాట, చివర్లో ఊపిరి బిగబట్టి వినే తీర్పు. ఆ హక్కు వాళ్ల రాజ్యాంగంలో ఉంది, నిజమే. కానీ 2012లో అక్కడి సుప్రీంకోర్టే తన తీర్పులో ఒక లెక్క చెప్పింది. ఫెడరల్ కోర్టుల్లో శిక్షపడిన కేసుల్లో 97 శాతం, రాష్ట్రాల కోర్టుల్లో 94 శాతం విచారణ లేకుండానే ముగిశాయి. ముద్దాయి నేరం ఒప్పుకున్నాడు, శిక్షపడింది. సాక్షి బోనెక్కలేదు, జ్యూరీ కూర్చోలేదు.

మా కారంపూడి వీరుల ఉత్సవంలో మందపోరుకూ కోడిపోరుకూ ముందు రాయబారానికి ఒక రోజు ఉంటుంది. అమెరికా క్రిమినల్ కేసు నడిచేది దాదాపు అంతా ఆ రాయబారం రోజే. ప్రాసిక్యూటర్ మొదట పెద్ద సెక్షన్లు పెడతాడు. విచారణకు వెళ్లి ఓడిపోతే పదేళ్లు, ఇప్పుడే ఒప్పుకుంటే ఏడాది అంటాడు. తప్పు చెయ్యనివాడికి కూడా ఆ రెండు అంకెలు పక్కపక్కన పెడితే చెయ్యి వణుకుతుంది. మన దగ్గర ప్రభుత్వ ప్లీడరు ప్రభుత్వం నియమించిన మనిషి. అక్కడ జిల్లా ప్రాసిక్యూటర్‌ను చాలా రాష్ట్రాల్లో జనమే ఓటేసి ఎన్నుకుంటారు. ఎవరి మీద ఏ కేసు పెట్టాలి, ఏది తగ్గించాలి, ఏది వదిలెయ్యాలి అన్నది అతని చేతిలో ఉంటుంది. జడ్జి కన్నా అతనే బలవంతుడని నేను అనుకుంటాను.

బెయిల్ కూడా ఈ బేరంలో ఒక బరువే. గురజాల కోర్టుకు జామీనుదారు పట్టాదారు పాసుపుస్తకం తెచ్చి నిలబడితే మన ముద్దాయి బయటికొస్తాడు. అక్కడ చాలా రాష్ట్రాల్లో నగదు చెల్లించాలి. లేనివాడు బాండు వ్యాపారి దగ్గరికి పోయి మామూలుగా పదో వంతు ముట్టజెప్పాలి, కేసు గెలిచినా ఆ డబ్బు తిరిగిరాదు. అదీ లేనివాడు జైల్లో కూర్చుని విచారణ కోసం ఎదురుచూడాలి. ఈలోగా, ఒప్పుకుంటే ఈరోజే ఇంటికి పోవచ్చని కబురొస్తుంది.

మన పిల్లలకు ఈ పాఠం 2019 జనవరిలోనే అందింది. మిచిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో అక్కడి ప్రభుత్వమే ఒక దొంగ విశ్వవిద్యాలయం నడిపింది. విద్యార్థులను చేర్పించారని ఎనిమిది మందిపై కుట్ర కేసు పెట్టారు. ఎనిమిది మందీ నేరం ఒప్పుకున్నారు, ఒక్కరి కేసూ జ్యూరీ దాకా పోలేదు. చేరిన విద్యార్థుల్లో ఎక్కువమంది మనవాళ్లే, పట్టుబడినవాళ్లు సుమారు 250 మంది. వాళ్లమీద పెట్టింది క్రిమినల్ కేసు కాదు, వలస చట్టం కింద సివిల్ చర్య. వినడానికి ఇది తేలికగా ఉంటుంది. కానీ డబ్బులేని ముద్దాయికి ప్రభుత్వమే లాయర్‌ను పెట్టాలన్న 1963 నాటి గిడియన్ తీర్పు క్రిమినల్ కేసుకే వర్తిస్తుంది. వలస కోర్టులో లాయర్ కావాలంటే సొంత డబ్బు పెట్టుకోవాలి. దొంగకు దొరికే రక్షణ ఆ విద్యార్థికి దొరకలేదు. చాలామంది పెట్టె సర్దుకుని వచ్చేశారు.

ఆ పద్ధతి అంతా అన్యాయమని నేననను. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేథ్‌లో కూచిభొట్ల శ్రీనివాస్‌ను జాతి ద్వేషంతో కాల్చిచంపినవాడు ఏడాది తిరిగేసరికి నేరం ఒప్పుకున్నాడు. 2018 మేలో రాష్ట్ర కోర్టు యావజ్జీవం వేసింది. అదే ఏడాది ఆగస్టులో ద్వేషపూరిత నేరాల చట్టం కింద ఫెడరల్ కోర్టు మరో మూడు యావజ్జీవాలు వేసింది. ఒకే నేరానికి రాష్ట్రమూ కేంద్రమూ విడివిడిగా శిక్షించగల దేశం అది. పక్కన మన చుండూరును పెట్టి చూడండి. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను నరికి చంపితే ప్రత్యేక కోర్టు తీర్పు వచ్చింది 2007లో. 21 మందికి పడిన యావజ్జీవాన్ని 2014లో హైకోర్టు కొట్టేసింది. ఇరవై మూడేళ్లు ఆ కుటుంబాలు కోర్టు మెట్ల మీదే ఉన్నాయి.

అయితే అదే ప్రాసిక్యూటర్ కేసు వద్దంటే ఏమవుతుందో ఆదోని అమ్మాయి కందుల జాహ్నవి విషయంలో చూశాం. 2023 జనవరి 23న సియాటిల్‌లో రోడ్డు దాటుతున్న ఆమెను పోలీసు కారు గుద్దింది. గంటకు 25 మైళ్లు దాటకూడని రోడ్డు మీద ఆ కారు 74 మైళ్ల వేగం అందుకుంది. తగిన ఆధారం లేదంటూ కింగ్ కౌంటీ ప్రాసిక్యూటర్ 2024 ఫిబ్రవరిలో క్రిమినల్ కేసుకు నిరాకరించారు. చివరికి మిగిలింది 5,000 డాలర్ల ట్రాఫిక్ జరిమానా నోటీసు. ఇక్కడైతే పోలీసులు కేసు మూసేసినా బాధితులు మేజిస్ట్రేట్ ముందు అభ్యంతరం చెప్పొచ్చు, ప్రైవేటు కంప్లయింటు వెయ్యొచ్చు. మన చట్టంలోని ఈ తలుపు విలువ మనకే సరిగా తెలియదు. అక్కడ పెద్ద నేరాల్లో ఆ తలుపు దాదాపు లేదు. నష్టపరిహారానికి సివిల్ దావా వేసుకోవాలి, అంతే.

పల్నాడులో కేసులు మరోలా చస్తాయి. కళ్లారా చూసినవాడు బోనెక్కి తెలియదంటాడు. ఊళ్లో బతకాలి కదా. ప్రభుత్వం మారితే కార్యకర్తలపై కేసుల ఉపసంహరణకు జీవోలొస్తాయి. నేరం ఒప్పుకుని శిక్ష తగ్గించుకునే పద్ధతి 2006 నుంచి మన చట్టంలోనూ ఉంది, ఏడేళ్ల లోపు శిక్షపడే నేరాలకు. వాడేవాళ్లు అరుదు. సాక్షి తిరగబడితే కేసే కొట్టుకుపోతుంటే ఒప్పుకునేదెవరు? అమెరికా బేరం జడ్జి ముందు రికార్డవుతుంది, మనది రచ్చబండ చాటున జరుగుతుంది. రెండు చోట్లా నిజం మాత్రం బోనెక్కకుండానే ఇంటికి పోతోంది. ఇదే నన్ను బాధిస్తోంది.

ఆ రైతుకు నేను పడిల్లా కథ చెప్పాను. హోండురాస్‌లో పుట్టి, అమెరికా సైన్యంలో వియత్నాంలో పోరాడి, నలభై ఏళ్లుగా గ్రీన్‌కార్డుతో ఉన్న లారీ డ్రైవరతను. గంజాయి కేసులో, ఇన్నేళ్లుగా ఉన్నావు, ఏమీ కాదని లాయర్ చెబితే ఒప్పుకున్నాడు. దేశం నుంచి పంపేసే ప్రమాదం నెత్తిమీదకొచ్చింది. ఒప్పుకోలుతో దేశ బహిష్కారం వస్తుందేమో ముందే చెప్పడం లాయర్ బాధ్యతని 2010లో సుప్రీంకోర్టు తేల్చింది. చిన్న దొంగతనమైనా వలస చట్టం దృష్టిలో అది నీతి తప్పిన నేరమే. కోర్టు తర్వాత కేసు కొట్టేసినా, ఒకసారి నేరం ఒప్పుకుని ఏదో ఒక షరతుకు తలొగ్గితే ఆ చట్టం దాన్ని శిక్షగానే లెక్కిస్తుంది.

అందుకని కొడుక్కి చెప్పమన్నాను. క్రిమినల్ లాయర్‌తో పాటు ఇమ్మిగ్రేషన్ లాయర్‌నూ అడిగేదాకా దేనిమీదా సంతకం పెట్టొద్దు. పోలీసులతో మాట్లాడనని చెప్పే హక్కు ఉంది, వాడుకో. మళ్లీ ఎప్పుడైనా అరెస్టయితే మన కాన్సులేట్‌కు చెప్పమని నువ్వే అడగాలి, అడక్కపోతే వాళ్లు చెప్పరు. ఆయన మిర్చి చీటీ వెనక ఒక్కొక్కటే రాసుకున్నాడు. "ఇద్దరు లాయర్లంటే ఎంతవుద్ది సార్?" అన్నాడు. ఈ ఏడు మిర్చి ఇంకా అమ్మలేదు.