సంఘానికి లేఖ రాసే ముందు

 

గత బక్రీదుకు పదిహేను రోజుల ముందు హైదరాబాదులోని ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండే యువకుడు మా వద్దకు వచ్చాడు. సెల్లారులో మేకలను కట్టరాదని నివాసుల సంఘం నోటీసు అంటించిందట. వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి ఘాటైన జవాబు రాసుకొని, ఒకసారి చూడమని ఫోను మా చేతికిచ్చాడు. చదువుతుంటే మా మనసు కూడా వేడెక్కిన మాట వాస్తవం. అయినా ఒక ప్రశ్న అడిగాము: "నాయనా, మెయింటెనెన్సు కట్టావా?"

"మూడు నెలలది బాకీ ఉంది, హజ్రత్" అంటూ తల దించుకున్నాడు.

ముస్లింలు తాము అంగీకరించిన షరతులకు కట్టుబడి ఉండాలని దైవప్రవక్త (స) బోధించారు. హలాలును హరాముగా, హరామును హలాలుగా మార్చే షరతుకే మినహాయింపు. ఫ్లాటులో చేరినప్పుడు మనం ఒప్పుకొన్న సంఘం నియమాలు కూడా షరతులే. సెల్లారు అందరి ఉమ్మడి స్థలం. అక్కడ మేకను కట్టవద్దనడం ఖుర్బానీని నిషేధించడం కాదు. ఈ తేడాను గుర్తించకపోతే స్థలం తగాదా కాస్తా మతం తగాదాగా మారుతుంది.

ఫిరౌను వద్దకు వెళ్లే హజ్రత్ మూసా (అలైహిస్సలాం)ను సైతం మృదువుగా మాట్లాడమని అల్లాహ్ ఆదేశించాడు (తాహా సూరా, 20:44). సంఘం కార్యదర్శి ఫిరౌను కాడు. ఉద్యోగం నుంచి వచ్చి, జీతం లేకుండా లిఫ్టు మరమ్మతులు, నీటి ట్యాంకర్లు చూసుకొనే మన పొరుగువాడు.

యువకుడు ముందుగా బాకీ చెల్లించాడు. తరువాత ఇద్దరం కూర్చొని ఒక పేజీ లేఖ రాశాము. అందులో నిందలు లేవు, వివరాలే ఉన్నాయి: మేకలు ఎన్ని, ఎన్ని రోజులు, ఎక్కడ కట్టాలి, రోజూ ఎవరు శుభ్రం చేస్తారు, జవాబు ఏ తేదీలోగా కావాలి. జిబహ్ కబేళాలోనే జరుగుతుందని కూడా రాశాము. లేఖను కార్యదర్శి ఒక్కరికే కాక కమిటీ మొత్తానికి రాసి, అందినట్లు నకలుపై సంతకం తీసుకోమన్నాము.

నాలుగు రోజులు అడిగితే కమిటీ రెండు రోజులే ఇచ్చింది; అదీ వాచ్‌మన్ గది వెనుక ఖాళీ స్థలంలో. అతడు నొచ్చుకున్నాడు. సంప్రదింపు అంటే అడిగినదంతా దొరకడం కాదని నచ్చజెప్పాము.

నిజంగా అన్యాయం జరిగితే మౌనంగా ఉండమని మేము చెప్పడం లేదు. తెలంగాణలో ఎన్నో సంఘాలు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైనవే. వాటికి నియమావళి, సర్వసభ్య సమావేశం ఉంటాయి. ముందు అక్కడ మాట్లాడాలి. అక్కడ న్యాయం దొరకనప్పుడే న్యాయస్థానం.

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఇంట మేకను జిబహ్ చేసినప్పుడు, యూదుడైన పొరుగువానికి మాంసం పంపారా అని ఆయన ఇంటివారిని అడిగారు. పొరుగువారికి వారసత్వంలో వాటా ఇస్తారేమో అనిపించేంతగా వారిని గురించి జిబ్రయీల్ (అలైహిస్సలాం) దైవప్రవక్త (స)కు తాకీదు చేసిన సంగతిని వారికి గుర్తు చేశారు.

పండుగ తరువాత యువకుడు మళ్లీ వచ్చాడు. నోటీసు తీసేశారా అని అడిగాము. లేదు, అక్కడే ఉందన్నాడు. స్థలం కడిగించి తాళం ఇవ్వడానికి వెళ్లినప్పుడు, వచ్చే ఏడాది నెల ముందే లేఖ ఇవ్వమని కార్యదర్శి చెప్పాడట.

మన మాటలో మృదుత్వాన్ని, మన పొరుగులో శాంతిని అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.